నా గురించి సాక్ష్యం చెప్పిన పెద్దాయన

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే చెబుతాను. ఇది రాయడం పూర్తయ్యాక అడిగినా అదే చెబుతాను. జమ్మలమడుగు లైబ్రరీలో చాలా ఏళ్లు పనిచేశాను. దయ్యాల కథలు అడిగినవాళ్లకు తీసి ఇచ్చేదాన్ని గానీ, ఒక్కటీ ఇంటికి తెచ్చుకున్నది లేదు. భయపడి కాదు, ఆసక్తి లేక. మా ఆయన పెద్దముడియం మండలాఫీసులో గుమాస్తా. కాగితం చూడకుండా ఏదీ నమ్మేవారు కాదు. అలాంటి ఇంట్లో దయ్యాల మాట ఎప్పుడూ రాలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో ఆయన చనిపోయారు. పులివెందులలో తన చెల్లెలి ఇంటికి వెళ్లి, అక్కడే గుండెనొప్పితో పోయారు. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

తరువాత జమ్మలమడుగు ఇల్లు ఖాళీ చేసి ప్రొద్దుటూరులో చిన్న అద్దె ఇంట్లోకి మారాను. డాక్టర్లు దగ్గరగా ఉంటారని మా అమ్మాయి పట్టుబట్టింది. కొత్త వీధిలో నేను ఎవరితోనూ కలవలేదు. పలకరిస్తే మొదటి ప్రశ్న ఆయన గురించే వస్తుంది. దానికి జవాబు చెప్పే ఓపిక నాకు లేకపోయింది. పక్కింటి ఖైరున్నీసా ఒకసారి సేమ్యా పాయసం తెచ్చి ఇచ్చింది. ఆమె భర్త కువైట్‌లో వ్యాను నడుపుతాడని అప్పుడే తెలిసింది. మా మధ్య పరిచయం అంతవరకే. ఎదురింటికి తాళం వేసి ఉండేది. యజమానులు బెంగళూరులో ఉంటారని మా ఇంటి ఓనరు చెప్పాడు.

మా అమ్మాయి కూడా కువైట్‌లోనే నర్సు. తనకు ఇంతకుముందు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. మళ్లీ నెలలు నిండుతున్నాయి. అల్లుడివి రాత్రి షిఫ్టులు. ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల, ఈసారి ఫోన్‌లో, "అమ్మా, కాన్పుకు నువ్వు నా దగ్గర ఉండాల" అంది. తీరా చూస్తే నా పాస్‌పోర్టు గడువు దాటిపోయి ఉంది.

కడప వెళ్లి రెన్యువల్‌కు ఇచ్చాను. పాత పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు ఉంది. కౌంటర్లో అమ్మాయి మరణ ధ్రువపత్రం చూసి, "మీ సార్ పేరు తీసేస్తున్నా మేడం, సరేనా?" అని మెల్లగా అడిగింది. సరే అన్నాను. ఆ అమ్మాయి కాసేపు ఆగి, అప్పుడు మీట నొక్కింది. మంచి పిల్ల.

ఇక మిగిలింది పోలీస్ ఎంక్వయిరీ. కానిస్టేబుల్ ఇంటికి వచ్చి, మనం అక్కడ ఉంటున్నామో లేదో చూసుకుంటాడు. చుట్టుపక్కల ఇద్దరు, ఈమె మాకు తెలుసు అని సంతకం పెట్టి, ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి. నాకు దిగులు పట్టుకున్నది అక్కడే. జమ్మలమడుగులో అయితే బజారంతా సంతకం పెట్టేది. ఈ వీధిలో నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. ఎవరి తలుపు తట్టి, నేను మీకు తెలుసని రాసివ్వండి అని అడగాలి? అడుగుదాం, అడుగుదాం అనుకుంటూ రోజులు జరిపేశాను.

ఆయన బట్టల సంచి ఒకటి పులివెందులలోనే ఉండిపోయింది. ప్రయాణానికి ముందే తెచ్చుకుందామని ఒక పొద్దున బస్సెక్కాను. వెళ్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఆడబిడ్డకు కూడా నేను అక్కడికి చేరాకే తెలిసింది. తొందరలో ఫోను ఇంట్లోనే మరిచిపోయాను. సాయంత్రం తిరిగొచ్చి చూస్తే తెలియని నంబరు నుంచి చాలా కాల్స్ ఉన్నాయి. ఎంక్వయిరీ వాళ్లేనని అర్థమైంది. ఇంట్లో లేనని రాసి పంపేసి ఉంటారని, కాన్పుకు అందుకోలేనని ఆ రాత్రంతా కుమిలిపోయాను.

మరుసటి రోజు ఎండ ఎక్కాక కానిస్టేబుల్ తానే వచ్చాడు. నడివయసు మనిషి. వరండాలో కుర్చీ వేశాను. మంచినీళ్లు తాగి, ట్యాబ్ తెరిచాడు.

"నిన్న శానాసేపు చూసినా మేడం. తలుపుకు తాళం, ఫోన్ చేస్తే ఎత్తరు. లేరని రాసేసి పోదామనుకున్నా. ఎదురింటి పెద్దాయన పిల్చినాడు కాబట్టి సరిపోయింది."

ఎదురింట్లో ఎవరూ లేరే అన్నాను.

"అరుగు మీద కూచోనుంటే లేరంటారేంది మేడం? పులివెందలకు పోయింది, బట్టల సంచి తెచ్చుకోను పోయింది, సాయంత్రానికి వచ్చేస్తాది, తొందరపడి రాయొద్దప్పా అన్నాడు."

 అతను మామూలుగానే చెప్పుకుపోతున్నాడు.

"మీ గురించి అంతా ఆయన నోటనే విన్నా. లైబ్రరీలో పన్జేసింది, కూతురు కాన్పుకు పోవాల, ఆమె నోరు తెరిచి ఎవర్నీ ఏదీ అడగదు, నువ్వే చూసుకో అన్నాడు. సరే, నువ్వే సంతకం పెట్టి ఆధార్ ఇయ్యి పెద్దాయనా అంటే, నా కార్డు ఇప్పుడు చెల్లదప్పా, ఆ పక్కింటామెను అడుగు, ఆమె పెడ్తాది అన్నాడు. ముసిలోళ్లకు వేలిముద్రలు పడవు గదా, అప్‌డేట్ చేపిచ్చుకోలేదేమో."

ఎలా ఉన్నాడాయన అని అడిగాను. సన్నగా ఉన్నాడన్నాడు. కళ్లద్దాలు, తెల్లచొక్కా, మాట నిదానం. ప్రొద్దుటూరులో రిటైరైన గుమాస్తాల్లో సగం మంది అలాగే ఉంటారు. ఆ క్షణంలో కూడా నాకు అదే తోచింది.

"నిజంగా ఎరిగినోడా, ఊర్కే చెప్తాండాడా అని ఒక మాట అడిగి చూసినా. గుర్తుపట్టను మచ్చలేమన్నా ఉండాయా అని. కుడిచెవి ఎనకాల చిన్న గీత ఉంటాది, ఆమెకే తెలీదు అన్నాడు. ఈడ ఫారంలో ఏమో మీరు మెడ మీద పుట్టుమచ్చ అని ఇచ్చినారు. ఆయన పొరపాటు పడినాడేమోలే."

నా చెవి వెనక గీత ఉన్న సంగతి నాకు తెలియదు. అలాంటి చోటు ఎవరూ అద్దంలో చూసుకోరు. మా అమ్మ కూడా ఎప్పుడూ చెప్పినట్టు జ్ఞాపకం లేదు.

ఈలోగా అతను పక్కింటి వైపు చూసి కేకేశాడు. ఖైరున్నీసా తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. విషయం విని నా మీదే కోప్పడింది.

"సంతకమే కదక్కా. మా ఆయన పాస్‌పోర్టుకు ఈ వీధి వీధంతా పెట్టింది. నన్నొక మాట పిలిస్తే నీ నోట్లో ముత్యాలు రాల్తాయా?"

తను సంతకం పెట్టి, ఇంట్లోంచి వాళ్ల అత్తను కూడా పిలిచి పెట్టించింది. నా చెవి వెనక ఏమైనా ఉందేమో చూడమని అడిగాను. ఆమె నా జుట్టు పక్కకు తీసి చూసింది.

"ఉండాదక్కా. గోరుతో గీసినంత. ఇదిగో, ఈడ" అని వేలితో తాకింది. ఆయన పోయాక మరో మనిషి చెయ్యి నా మీద పడటం అదే మొదలేమో. 

ఆమె కానిస్టేబుల్ వైపు తిరిగి, "అవునప్పా, నిన్న నువ్వు ఆ అరుగు కాడ ఒక్కనివే నిలబడి మాట్లాడ్తాంటివి కదా. చెవిలో పెట్టుకునే ఫోన్లో మాట్లాడ్తాండావేమో అనుకుంటి" అంది.

"నువ్వు ముందు కండ్లద్దాలు పెట్టిచ్చుకోమ్మా" అని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నేను ఇదే వాకిట్లో బియ్యం ఏరుకుంటాండా. ఆడ ఎవరూ లేరు. ఆ తాళం తీసి ఏడాది దాటిపాయె" అంది.

అతను లేచి ఎదురింటి దాకా వెళ్లి చూసి వచ్చాడు.  ట్యాబ్‌లో నా ఫొటో తీసుకున్నాడు. తల సరిచేసుకోమని రెండోసారి తీశాడు.

ముందు గదిలో గోడకు మా ఆయన ఫొటో ఉంది. వరండాలో కుర్చీ కొంచెం జరిపితే కనిపిస్తుంది. ఖైరున్నీసాకు ఏం తోచిందో, "అక్కా, బావ ఫొటో ఉందా, చూపియ్యి" అని గొణిగింది. నేను తలుపు దగ్గరకు వేశాను. ఆయనే అని అతను అంటే ఏం చేయాలి? కాదు అంటే మాత్రం ఏం చేయాలి? రెండింట్లో ఏదీ భరించే స్థితిలో లేను. కానిస్టేబుల్ కూడా చూపించమనలేదు. పోతూ పోతూ, "బిడ్డకు సుఖంగా కాన్పు అవుతాదిలేమ్మా" అన్నాడు. అప్పటిదాకా మేడం అన్నవాడు.

తరువాత చాలా ఆలోచించాను. కానిస్టేబుల్ కల్పించి ఉండవచ్చు. కానీ నాకు తెలియని గీతను అతనెలా కల్పిస్తాడు? వీధిన పోయే ఎవరో ముసలాయన అరుగు మీద కూర్చుని ఉండవచ్చు. ఆయనకు బట్టల సంచి సంగతి ఎవరు చెప్పారు? ఆడబిడ్డకు ఫోన్ చేసి అడిగాను. తను ఎవరితోనూ అనలేదంది. ఖైరున్నీసా సరిగా చూడలేదేమో. కానీ ఆమె చూడకుండా చెప్పే మనిషి కాదని ఇన్నాళ్లకు నాకు బాగా తెలుసు. ప్రతి దారీ కొంతదూరం పోయి ఆగిపోతుంది.

పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. భర్త పేరు ఉండాల్సిన చోట ఖాళీ. దాంతోనే కువైట్ వెళ్లాను. కాన్పు కష్టమైంది గానీ తల్లీబిడ్డా దక్కారు. ఆ రాత్రి ఆసుపత్రిలో అమ్మాయి నా చెయ్యి వదల్లేదు. ఈ సంగతి తనకు చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

తిరిగొచ్చాక ఎదురింట్లో కాపురం వచ్చింది. కమలాపురం నుంచి వచ్చిన చిన్న సంసారం. వాళ్లు సామాను దించుతుండగానే వెళ్లి నా పేరు చెప్పాను. ఏ ఊరిదాన్నో, ఏం పని చేసేదాన్నో చెప్పాను. మా ఆయన పోయారని కూడా, వాళ్లు అడగకముందే నేనే చెప్పాను. ఆ అమ్మాయి చేతిలో మూట పక్కన పెట్టి, అరుగు మీది దుమ్ము కొంగుతో దులిపి కూర్చోమంది. కూర్చున్నాను.

"ఇంతకుముందు ఈడ ఎవరుండిరక్కా?" అని అడిగింది.

తెలియదమ్మా అన్నాను. అంతకంటే నిజమైన జవాబు ఈ రోజుకూ నా దగ్గర లేదు.