ఫిన్లాండ్ గోలీ ఉన్ని బనియన్

జీవితంలో నేను చాలా తప్పులు చేశాను. ఒకసారి మా ఆవిడ పుట్టినరోజున పొరపాటున వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి, నీలాంటిది నాకు దొరకడం నా అదృష్టం అని చెప్పాను. అవన్నీ చిల్లర తప్పులు. ఒక బస్సెడు మంది గుండె ఒకేసారి ఆగిపోయేంత తప్పు మాత్రం ఒక్కటే చేశాను. దానికి కావలసిన సరుకులు చాలా తక్కువ. ఒక ఉన్ని బనియన్, మసిలే నీళ్ళు, నాలాంటి తెలివైనవాడు ఒకడు. ఇవి ఉంటే చాలు, మీరు కూడా ఇంట్లో ప్రయత్నించవచ్చు.

అప్పట్లో నేను ఖతార్‌లో, అల్ ఖోర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి చిన్న బస్సు నడిపేవాణ్ణి. మాది మెట్‌పల్లి పక్కన పల్లె. పేరు మల్లేశ్. ఈ పేరుతో అక్కడ ఒక తిప్పలుంది. అరబ్బీలో 'మాలేష్' అంటే 'పోనీలే, ఏం పరవాలేదు' అని. ఎవరైనా పేరడిగితే నేను చెప్పేవాణ్ణి. వాళ్ళు 'ఇతన్ని పేరడిగితే మనల్నెందుకు క్షమిస్తున్నాడు' అన్నట్టు చూసేవాళ్ళు.

ఎండలు ఇంకా తగ్గకముందే కంపెనీ నాకొక శుక్రవారం డ్యూటీ వేసింది. గ్యాస్ ప్లాంట్లలో పనిచేసే కెనడా వాళ్ళను, ఫిన్లాండ్ వాళ్ళను, వాళ్ళ ఇంటివాళ్ళను దోహాలోని ఒక మాల్‌కు తీసుకెళ్ళి తీసుకురావాలి. సామాన్లు కొనడానికేమో అనుకున్నాను. కాదట. మాల్ లోపల నీళ్ళను గడ్డకట్టించి మైదానం చేశారట. దాని మీద వీళ్ళ జట్టు హాకీ ఆడుతుందట. బస్సులోవాళ్ళు కూర్చుని అరుస్తారట. ఖతార్ ఎండలో, బస్సు స్టీరింగ్ ముట్టుకుంటే అరచేతిలో అట్టు పడే దేశంలో, మంచు మీద ఆట. దేవుడు చూస్తే ఏమనుకుంటాడోనని నాకు బెంగ పట్టుకుంది.

జట్టు పేరు 'అల్ ఖోర్ ఒంటెలు'. మంచు మీద ఒంటెలేమిటని మీరు అడగవచ్చు. అంతకుముందు ఏడాది వాళ్ళ ఆట చూసినవాళ్ళెవరూ ఆ మాట అడగలేదు.

అభిమానులకు పెద్ద దిక్కు మార్గరెట్ అమ్మ. కెనడా ఆవిడ, అరవై దాటిన మనిషి. ఆవు మెడలో కట్టే గంట ఒకటి చేత్తో పట్టుకుని, మ్యాచ్‌లో ఒంటెలు మెరిసినప్పుడల్లా వాయిస్తుంది. మొదటి శుక్రవారం డ్రైవర్ సీటు వెనకే కూర్చుని, "ఈ సీజన్ మా గోలీ బాగుంటే చాలు మల్లేశ్, ఇంకేమీ అక్కర్లేదు," అంది. నాది ముక్కముక్కల ఇంగ్లీషు. మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

"ఏం గోలీ అమ్మా, బీపీదా?" అన్నాను పరామర్శగా.

బస్సంతా నవ్వింది. గోలీ అంటే మాత్ర కాదు, గోల్ ముందు కాపలా నిలబడే ఆటగాడు. వాళ్ళ గోలీ పేరు యూహా. ఫిన్లాండ్ మనిషి. ఆరడుగులు దాటి ఇంకా కొంత ఉంటాడు. మాటలు మాత్రం ఉప్పు వేసినట్టు వేస్తాడు, చిటికెడు.

ఆ రోజు నన్ను కూడా లోపలికి పిలిచారు. పొట్టి చేతుల చొక్కాతో వెళ్ళి, చలికి పళ్ళు టకటకలాడుతుంటే మార్గరెట్ అమ్మ దుప్పటి కప్పింది. ఆట నాకు సగమే అర్థమైంది. మాడిపోయిన ఇడ్లీ లాంటి ఒక నల్ల బిళ్ళ. దాని కోసం పెద్ద పెద్ద మనుషులు కాళ్ళకు కత్తులు కట్టుకుని, కర్రలతో ఒకళ్ళనొకళ్ళు గోడకేసి గుద్దుకోవడం. నల్ల బిళ్ళ ఎప్పుడు ఎటు పోయిందో నాకు తెలిసేది కాదు. గంట మోగినప్పుడు లేచి అరిచేవాణ్ణి. ఒంటెలు గెలిచారు.

మొదటి మ్యాచ్ గెలవడం వాళ్ళకు ఎన్నేళ్ళ తర్వాతో. ఇక అక్కడినుంచి మొదలైంది. ఆ రోజు నేను దారి తప్పి ఒక రౌండబౌట్ రెండు చుట్లు తిరిగాను. కాబట్టి రెండో శుక్రవారం కూడా రెండు చుట్లు తిరగమన్నారు. తిరిగాను, గెలిచారు. మూడో శుక్రవారం ఎవరూ చెప్పకుండానే తిరిగాను, గెలిచారు. సంబరంలో మార్గరెట్ అమ్మ నా మెడలో జట్టు మఫ్లర్ వేసింది. అంతకుముందు నా శుక్రవారాలు క్యాంపులో మంచం మీద ఫ్యాను రెక్కలు చూస్తూ గడిచేవి. ఇప్పుడు నాకోసం బిస్కెట్లు దాచి తెచ్చే మనుషులున్నారు. పట్టికలో ఒంటెలు పైన ఉన్నారు, ఒంటెల బస్సు నడిపేది నేను. మా ఆవిడకు ఫోన్ చేసి చెబితే, "దుబాయ్ల మంచు పడుతుందా, ఎవలన్న ఏమన్న తాగిపిచ్చిన్రా నీకు," అంది. మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.

నాలుగో మ్యాచ్ 'తుపాను' జట్టుతో. నిరుటి విజేతలు. వాళ్ళను ఒంటెలు ఎన్నడూ ఓడించలేదు. వారమంతా అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. సరిగ్గా ఆ వారంలోనే నాకు సేవ చేయాలనే బుద్ధి పుట్టింది.

మూడో మ్యాచ్ తర్వాత యూహా మా బస్సులోనే తిరిగి వచ్చాడు. చెమటతో తడిసిన తన ఉన్ని బనియన్‌ను వెనక సీటు కమ్మీ మీద ఆరేసి, మరిచిపోయి దిగిపోయాడు. మర్నాడంతా బస్సు తలుపులు మూసి ఎండలో నిలబడింది. ఆ మర్నాడు పొద్దున నేను తలుపు తీశాను. తీసి, వెనక్కి మూడడుగులు వేశాను. ఆఫీసుకు వెళ్ళే ఆడవాళ్ళు ఎక్కి, ఎక్కినట్టే దిగారు. మా సూపర్‌వైజర్ మెట్టు మీద ఒక కాలు పెట్టి, "లోపల ఏం చచ్చింది?" అన్నాడు.

ఆ సాయంత్రం యూహా ఫోన్ చేశాడు.

"నా బనియన్ బస్సులో ఉందా?"

"ఉంది సార్, భద్రంగా ఉంది."

"ముట్టుకోవద్దు," అని పెట్టేశాడు.

మీరైతే ఈ మాటకు అర్థం 'ముట్టుకోవద్దు' అని తీసుకుంటారు. నేను మర్యాద తెలిసిన ఇంట్లో పుట్టాను. అయ్యో, పెద్దమనిషి, నాకు శ్రమ ఎందుకని మొహమాటపడుతున్నాడు అనుకున్నాను. 'వద్దండీ, అన్నం తిని వచ్చాను' అన్న చుట్టానికి మనం రెండు ముద్దలు ఎక్కువ పెట్టమా?

నా గదిలోనే ఉండే సత్తార్ భాయ్ క్యాంపు లాండ్రీలో మిషన్లు చూస్తాడు. బోధన్ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. బనియన్‌ను కర్రతో ఎత్తి తీసుకెళ్ళాను.

"ఏంది తమ్మీ ఇది, జానవర్‌ను పట్టుకొచ్చినవా?" అన్నాడు ముక్కుకు మోచెయ్యి అడ్డం పెట్టుకుని.

"మా గోలీ సార్ ది భాయ్. మంచిగ ఉతికిచ్చి, ఇస్త్రీ చేసిచ్చి, ఖుష్ చేద్దామని."

ఆయన కొసను రెండు వేళ్ళతో నలిపి చూశాడు. "ఇది అసలు ఉన్ని. ఠండా నీళ్లల్ల ఏద్దాం."

"ఆ కంపు ఠండా నీళ్లకు ఇంటదా? మసిలే నీళ్లు పెట్టు."

"ముడుచుకపోతది తమ్మీ."

"మంచుల పుట్టి మంచుల పెరిగినోని బనియన్ అది. జర ఏడి తగుల్తే దానికి గూడ సంబురమే."

"నీ ఇష్టం. రేపు నన్ను అనొద్దు," అని ఆయన మీట తిప్పాడు.

మిషన్ లోంచి బయటికి వచ్చినదాన్ని చూసి, ఎవరిదో మారిందేమో అనుకున్నాను.

"మారలే. ఇగో, చంక కాడ అదే కుట్టు," అన్నాడు సత్తార్ భాయ్. ఎత్తి దీపం కింద పట్టి చూశాడు. "మా అక్క మనుమనికి కొలిచినట్టు వస్తది. వానికి మొన్ననే పండ్లొచ్చినయి."

సాగదీద్దామన్నాను. పైన ఒకరం, కింద ఒకరం పట్టుకుని గుంజాం. పొడుగు పెరిగింది గానీ వెడల్పు ఇంకా తగ్గింది. బనియన్‌ పోయి సొరకాయ తొడుగు తయారైంది. కనీసం వాసనైనా గొప్పగా ఉండాలని, సత్తార్ భాయ్ చార్మినార్ దగ్గర కొనితెచ్చుకున్న అత్తరు అడిగాను. "చుక్క చాలు," అని ఆయన ఇచ్చాడు. చుక్కతో ఇంత పాపం ఎలా పోతుందని నేను సీసా ఒంపాను.

సరే, కొత్తది కొనిస్తే తీరిపోతుంది, అంతేగా అనుకుంటూ శుక్రవారం బస్సు తీశాను. అప్పుడు వెనకనుంచి మార్గరెట్ అమ్మ అంది. "యూహా బనియన్ నీ దగ్గరే ఉందట. జాగ్రత్త మల్లేశ్. అది వాళ్ళ అమ్మమ్మ అల్లింది. మొదటి మ్యాచ్ గెలిచినప్పటినుంచీ దాన్ని ఉతకలేదు. గెలుస్తున్నంతకాలం ఉతకడు. ఉతికితే అదృష్టం నీళ్ళతో పోతుందని వాడి నమ్మకం. నిజం చెప్పాలంటే మా అందరి నమ్మకం కూడా."

నేను రౌండబౌట్ తిరుగుతున్నాను.

"మల్లేశ్, రెండు చుట్లే. ఇది నాలుగోది."

"అవునమ్మా," అన్నాను. ఇంకొకటి తిరిగాను. దిగాల్సిన దారి కనబడలేదు. కళ్ళు చెమర్చాయి.

మాల్‌లో, ఆటగాళ్ళ గది ముందు, యూహాకు ప్లాస్టిక్ సంచి ఇచ్చాను. అభిమానులంతా చుట్టూ ఉన్నారు. అతను సంచి విప్పాడు. ముందు అత్తరు వచ్చింది, తర్వాత బనియన్ వచ్చింది. దాన్ని ఒకసారి చూశాడు, తన ఛాతీ ఒకసారి చూసుకున్నాడు.

"ఇదేమిటి?"

"మీ బనియన్ సార్."

"కాదు. ఇది నా బనియన్‌కు పుట్టిన బిడ్డ," అని బెంచీ మీద కూలబడ్డాడు. అతని నోట అంత పెద్ద వాక్యం ఎవరూ అంతవరకూ వినలేదట. "ఈ రోజు నేను ఆడను."

అందరూ నా వైపు తిరిగారు. మా పల్లెలో ఎద్దు పక్కచేను మేసినప్పుడు ఎద్దు యజమాని వైపు ఇలాగే చూస్తారు. బిస్కెట్లు తెచ్చే ఆవిడ డబ్బా మూత గట్టిగా పెట్టేసింది. నేను చేతులు జోడించాను. "సార్, నా బనియన్ ఏసుకోండి. నాలుగు రోజులాయె, నేను గూడ ఉతకలే," అన్నాను. తెలుగులోనే అన్నాను. భయంలో ఇంగ్లీషు రాలేదు.

అప్పుడు మార్గరెట్ అమ్మ గంట కింద పెట్టి, బనియన్ చేతిలోకి తీసుకుంది. "ఒంటికి పట్టకపోతే తలకు పడుతుంది. దారం మీ అమ్మమ్మదే కదా," అంటూ దాన్ని యూహా తలకు తొడిగి, బనియన్ చేతులు రెండూ గడ్డం కింద ముడి వేసింది. చలికాలంలో తెల్లారకముందే మోటరు వేయడానికి పోయే మా పెద్దనాన్న అచ్చం అలాగే ఉంటాడు. దాని మీద హెల్మెట్ పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు కారుతుంటే యూహా మంచు మీదికి వెళ్ళాడు. ఆ నీళ్ళు దుఃఖానివో అత్తరువో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి భాగంలోనే తుపానువాళ్ళు రెండు గోల్స్ కొట్టారు. గంట మోగలేదు. నాకు అటూ ఇటూ సీట్లు ఖాళీ అయ్యాయి. ప్రతి గోల్ తర్వాత యూహా హెల్మెట్ జాలీ లోంచి నన్నే చూశాడు. బస్సు దగ్గరికి పోయి, అటునుంచి అటే కొత్తగా కడుతున్న లుసైల్ ఊరికి పోయి, ఏదైనా కట్టడంలో ఇటుకలు మోసుకు బతుకుదామా అని ఆలోచించాను.

రెండో భాగంలో ఏదో జరిగింది. అత్తరు తలకెక్కిందో, నా మీది కోపం చేతుల్లోకి దిగిందో, యూహా ఇక దేన్నీ లోపలికి రానివ్వలేదు. మావాళ్ళు ఒకటి కొట్టారు. మూడో భాగంలో ఇంకొకటి, ఆ వెనకే మరొకటి. నేను లేచి అరుద్దామనుకుని, నాకా అర్హత లేదని గుర్తొచ్చి కూర్చున్నాను.

ఇక ఆట ముగుస్తుందనగా తుపాను జట్టులో మేటి ఆటగాడు ఒంటరిగా దూసుకొచ్చాడు. అడ్డం ఎవరూ లేరు. యూహాకు ఎదురుగా వచ్చి, కర్ర ఎత్తి, ముక్కు ఎగబీల్చి, ఆగి, తుమ్మాడు. మాల్ పైకప్పు దాకా వినబడిన తుమ్ము. నల్ల బిళ్ళ నీరసంగా జారుకుంటూ పోయి యూహా కాలికి తగిలి ఆగింది. అంతటితో ఆట ముగిసింది. గంట మోగింది. మార్గరెట్ అమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చింది. నేను ఆవిడకంటే గట్టిగా ఏడ్చాను.

కాసేపటికి యూహా బయటికి వచ్చాడు. చెమటోడుతున్న బనియన్ నా చేతిలో పెట్టాడు.

"దీన్ని ఉతకొద్దు," అన్నాడు.

"ఉతకను సార్. మా అమ్మ మీద ఒట్టు."

వెనకే జట్టులో మిగతావాళ్ళంతా వరసగా వచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కో సంచి నా కాళ్ళ దగ్గర పడేశారు. ఒక్కసారిగా వాసన వచ్చింది. నేను మెడలోని మఫ్లర్ ముక్కుకు చుట్టుకున్నాను.

"మావి మాత్రం ఉతుకు," అన్నాడు కెప్టెన్. "అత్తరు మరిచిపోకు."

అక్కడే, మాల్‌లోని ఐస్‌క్రీం కొట్టు సాక్షిగా, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ దేశస్థుడి, ఏ మతస్థుడి, ఏ ఆటగాడి వస్త్రమైనా సరే, అది నడిచి నా దగ్గరికి వచ్చినా సరే, అడగకుండా ఉతకను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగనిదే అమ్మయినా ఉతకరాదని నేనంటాను. ఊరుకున్నంత ఉత్తమం లేదు, ఉతకనంత సుఖం లేదు. ఈ నియమాన్ని నా సొంత బట్టలకు కూడా వర్తింపజేద్దామనుకున్నాను గానీ, సత్తార్ భాయ్ వేరే గది చూసుకుంటాననడంతో ఆ ఒక్క ముక్క కొట్టేశాను. మిగతా ప్రతిజ్ఞ ఉన్నదున్నట్టు అమలులో ఉంది.