ఇనుప పైపుకు ప్లాస్టిక్ అతుకు

“ఇనుమైతే ఎంత బిగిస్తె అంత నమ్మకం బిడ్డా. బోర్లల్ల పైపులు దించేటప్పుడు పానాకు ఇద్దరం ఏలాడేటోళ్లం. జర వదులున్నా మోటరు పాతాళానికే.”

నీళ్ల సంపు పక్కన గొంతుక్కూర్చుని ఈ మాట చెబుతూనే మొగిలి ఇనుప పైపు మరల మీద సుత్లి తాడు చుట్టి రంగు పూస్తున్నాడు. మేడమీద కిరాయికుండే జయంతి, నీళ్లెప్పుడొస్తాయో అడుగుదామని దిగివచ్చి మెట్టు మీదే కూర్చుండిపోయింది. ఆయన మాట్లాడుతుంటే లేచి వెళ్లబుద్ధి కాదామెకు.

వీధిలోంచి సంపుకు వచ్చే ఇనుప పైపు వంపు దగ్గర తుప్పుపట్టి తెగిపోయింది. పాడైన ముక్క కోసేసి మిగిలిన ఇనుముకు ప్లాస్టిక్ పైపు కలపాలి. నల్లా నీళ్లొచ్చేది ఈ పొద్దే. తప్పితే మళ్లీ ఎల్లుండి. రేపేమో మొగిలి కూతురు స్రవంతికి పురుటి స్నానం. తల్లీబిడ్డలకు తలంటాలి, ఇల్లు కడగాలి, చుట్టాలు దిగుతారు. బోరు ఎండలు ముదరకముందే చేతులెత్తేసింది. గోపన్‌పల్లి పాత ఊరి సందులోకి ట్యాంకరు దూరదు.

మొగిలిది జనగామ వైపు. ఇక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజుల్లో బోర్ల లారీతో వచ్చి ఉండిపోయాడు. నడుము పట్టేశాక తెల్లాపూర్‌లో గేటు కాపలాకు మారాడు గానీ, చేతులు ఇంకా ఆ ఇనుము దగ్గరే ఆగిపోయాయి.

ప్లాస్టిక్ కప్లింగును ఇనుము మీదికి తిప్పాడు. చేత్తో తిరిగినంత తిప్పి, పానా అందుకున్నాడు. గట్టిగా కూర్చుంది. అక్కడితో ఆగితే బాగుండేది. అలవాటుకొద్దీ ఇంకొక్క చుట్టు తిప్పాడు.

టప్‌మంది.

కప్లింగు మీద వెంట్రుకంత చీలిక. మొగిలి దాన్ని బొటనవేలితో తడిమి, విప్పి పక్కన పడేశాడు. గడపలో నిలబడ్డ అంజమ్మ ఊరుకోలేదు. “పెండ్లాం మాట ఎన్నడు ఇన్నవు గనక, ప్లాస్టిక్ మాట ఇంటవా?” అంది.

జయంతి స్కూటీ తీసి మెయిన్ రోడ్డు మీది హార్డ్‌వేర్ కొట్టుకు పరుగెత్తింది. ఇనుముకు కలపాలనగానే కొట్టతను లోపల ఇత్తడి మరలున్న కప్లింగు చేతిలో పెట్టి, సుత్లి వద్దు, టేపు చుట్టమన్నాడు. గమ్ము ఆరేదాకా నీళ్లు వదలొద్దని మరీమరీ చెప్పాడు.

ఆమె తిరిగొచ్చేసరికి పక్క సందులో బిందెల చప్పుడు మొదలైంది. ఆ ఇళ్లకు నీళ్లొచ్చేశాయి.

మొగిలి టేపు చుట్టి చేత్తో బిగించాడు. చేయి పానా కోసం వెనక్కి పోయింది. పానా లేదు. అంజమ్మ దాన్ని కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “ఆఖర్ల కొంచమే” అని బతిమాలాడాయన. అంజమ్మ తన కళ్ల ముందే తిప్పమని ఇచ్చి, కొద్దిగా తిరగ్గానే లాగేసుకుంది.

ప్లాస్టిక్ పైపు కొసకు గమ్ము రాసి, కప్లింగులోకి నెట్టి అదిమిపట్టుకున్నాడు. లోపల పసిబిడ్డ ఏడుపందుకుంది.

“ఆరడానికి ఎంతసేపు పడుతుంది బాబాయ్ గారూ?” అని జయంతి మెల్లగా అడిగింది.

సందు మలుపులో వాల్వు తిప్పి ఒక్కో సందుకు నీళ్లు వదిలే సాయిచంద్ బండి ఆగిన చప్పుడు మొగిలి విన్నాడు. తర్వాతి వంతు వీళ్లదే. నీళ్లు ఆలస్యమయ్యాయని పోయినవారమే నలుగురిలో ఆ పిల్లాణ్ణి నానా మాటలన్నాడు మొగిలి. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు పైపు వదిలి లేవడానికీ లేదు.

అంజమ్మ ఆయన మొహంలోకి చూసి తల తిప్పుకుంది.

“బిడ్డా,” అన్నాడు మొగిలి, చేతులు కదపకుండా. “జర ఉరుకు. మన సందు ఆఖరికి ఇడువమను. నీ మాటగ చెప్పకు. మొగిలి బతిమాలుతున్నడని చెప్పు.”