టైగర్‌కు కట్టిన ఉయ్యాల

2022 వానాకాలం. అప్పటికి నేను సిరిసిల్లలో సొంత క్లినిక్ తెరిచి రెండేళ్లు. అంతకుముందు ఎనిమిదేళ్లు ఉట్నూర్ వైపు జీపుల్లో తిరుగుతూ ఎడ్లకు, మేకలకు వైద్యం చేసినదాన్ని. కుక్కల డాక్టరంటే సుకుమారమైన పని అనుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఎద్దు తన్నబోతుంటే ముందే తెలుస్తుంది. కుక్కను తెచ్చిన మనిషి ఏ క్షణాన ఏడుస్తాడో మాత్రం తెలియదు.

ఒక ఉదయం సత్తయ్య, ఆయన భార్య భూలక్ష్మి మోపెడ్ మీద వచ్చారు. ఇద్దరి మధ్య గోనెసంచిలో చుట్టిన కుక్క. నాలుగేళ్ల ఊరకుక్క, పేరు టైగర్. బల్ల మీద పెట్టగానే ముందుకాళ్ల మీద లేచి నన్ను చూసి మొరిగింది గానీ, వెనక సగం తడిబట్టలా బల్లకు అతుక్కుపోయింది.

“నిన్న మాపటీలి కోతిని ఉరికిచ్చుకుంట దాబా మీదికెల్లి కిందికి దుంకింది మేడం. పొద్దుగాల జూస్తె ఎనుక కాళ్లు లేస్తలేవు,” అన్నాడు సత్తయ్య.

ఆయన ఇరవై ఏళ్లుగా సాంచాల మీద పనిచేస్తున్నాడు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. భూలక్ష్మి ఇంట్లో బీడీలు చుడుతుంది.

ఎక్స్‌రేలో ఎముక ఎక్కడా విరగలేదు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ జారి వెన్నుపామును నొక్కుతోందని నా అంచనా. ఇలాంటప్పుడు డీప్ పెయిన్ టెస్ట్ చేస్తాం. కాలివేలిని ఫోర్సెప్స్‌తో గట్టిగా పట్టి నొక్కి చూడటమే అది. నొక్కగానే టైగర్ కాలు వెనక్కి పోయింది.

“గుంజుకున్నది మేడం!” సత్తయ్య మొహం వెలిగింది.

“ఆగుండ్రి. కాలు దానంతటదే గుంజుకుంటది. నొప్పి తలకాయ దాంక పోయిందా లేదా సూడాలె,” అంటూ ఇంకొంచెం బిగించాను. టైగర్ గిర్రున తిరిగి నా చెయ్యి అందుకోబోయింది. కుక్క కరవబోతే అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు. నొప్పి తెలుస్తోందంటే నడక తిరిగి వచ్చే అవకాశం బాగా ఉన్నట్టే. ఆ మాటే ధైర్యంగా చెప్పాను. నా మందులు సగం పని చేస్తాయి, మిగతా సగం ఇంట్లో మీరే చేయాలి అని కూడా చెప్పాను.

సత్తయ్య టైగర్ తల నిమిరాడు. “దీని గోస సూడలేను మేడం. మస్తు పరేషాన్ అయితుంది. ఒక్క సూది ఏసి సల్లగ పండవెట్టుండ్రి.”

భూలక్ష్మి అడ్డుపడింది. మొగుడి వైపు తిరిగింది. “నువ్వు రాత్రి డ్యూటీకి వోయినన్ని దినాలు గడపకు అడ్డం పండి నన్ను కాసింది ఇది. దీనికి సూది ఎట్ల ఏపిస్తవ్? నువ్వు పనికి వో, నేను జూసుకుంట. ఎట్ల జెయ్యాల్నో నాకు జెప్పుండ్రి మేడం.”

చివరికి మాట తెగింది. “బతుకమ్మ దాంక సూద్దాం. అప్పటికి నిలవడకుంటె మాత్రం నా మాట ఇనాలె,” అన్నాడు సత్తయ్య. బతుకమ్మకు ఇంకా ఏడు వారాలుంది. భూలక్ష్మి సరేనని తలూపింది. ఆ ఏడు వారాల మీదే టైగర్ ప్రాణం ఆధారపడింది.

ఇలా పడిపోయిన కుక్కకు మూత్రాశయం నిండినా వదలడం తెలియదు. పొట్ట కిందుగా రెండు చేతులూ పెట్టి మెల్లగా నొక్కి రోజుకు నాలుగుసార్లు ఖాళీ చేయించాలి. చదువుకున్నవాళ్లకు నేర్పేసరికి నా ప్రాణం తోకకొస్తుంది. భూలక్ష్మి మొదటిసారికే పట్టేసింది. ఆకు చిరగకుండా పొగాకు బిగించి చుట్టే వేళ్లవి, ఎక్కడ ఎంత నొక్కాలో వాటికి చెప్పక్కర్లేదు. పుండ్లు పడకుండా గంటగంటకూ పక్క మార్చడం, కాళ్లను సైకిల్ తొక్కించినట్టు ఆడించడం కూడా నేర్పాను. మొదటి మూడు వారాలూ పూర్తి విశ్రాంతి. ఆమె బీడీల చాట ఒక పక్క, టైగర్ ఒక పక్క.

నాలుగో వారం నిలబెట్టడం మొదలు. పొట్ట కింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకోండి అన్నాను. అది సత్తయ్యకు ఆనలేదు. సెలవు రోజున పాత సాంచ కర్రలు తెచ్చి చట్రం బిగించాడు. దళసరి గుడ్డ రెండు మడతలేసి, నాలుగు కాళ్లకూ కంతలు పెట్టి కుట్టించి, తాళ్లతో పైకి కట్టాడు. ఎక్కడా ఒరుసుకోదు, ఒక పక్కకు ఒరగదు. వాళ్లింటికి వెళ్లి చూశాను, పట్నంలో కొన్నా అంత బాగా దొరకదు. ఫోన్‌లో ఫొటో తీసుకుని ఆయన్ను నోరారా మెచ్చుకుని వచ్చాను.

రెండు వారాల తర్వాత వెళ్లి చూస్తే టైగర్ ఆ ఉయ్యాలలో పెళ్లికొడుకులా ఊగుతోంది. మూతి ముందు స్టీలు గిన్నె, అందులో పాలబువ్వ. నన్ను చూసి తోకైనా కదపలేదు. టేపుతో తొడ కొలిచాను. పడిపోయినప్పటికంటే సన్నబడింది.

నాకు ఒళ్లు మండింది. “నడవాల్సిన కుక్కను తొట్టెల ఏసి ఊపుతున్నరా?” అని అరిచేశాను. భూలక్ష్మి కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. బతుకమ్మకు రెండు వారాలే ఉంది. అప్పుడు నాకు సిగ్గేసింది. ఎత్తి పట్టుకోమన్నది నేనే. ఎంత ఎత్తాలో, ఎంత బరువు దాని కాళ్ల మీద వదలాలో చెప్పలేదు. గాలిలో వేలాడే కాలికి పనేముంది? పైగా మెచ్చుకుని మరీ వచ్చాను. తప్పు నాదేనని ఇద్దరికీ చెప్పాను.

సత్తయ్య తాడు పట్టుకుని లాగి చూస్తూ నిలబడ్డాడు. “అంటె పడుగుకు ఉన్నట్టు దీనికి గూడ బిగువు ఉండాల్నా మేడం? లూజైతె చిక్కువడ్తది, ఎక్కువైతె తెగుతది, గట్లనేనా?”

“గట్లనే.”

“గిది ముందుగాల జెప్పొద్దా మీరు!” అని నన్నే దబాయించాడు.

సాంచకు వెనక నూలు చుట్టిన బీము ఉంటుంది. పడుగు, అంటే నిలువు పోగులు, బిగువు తప్పకుండా దానికి ఇనుప బరువులు వేలాడదీస్తారు. నూలు అయిపోతున్నకొద్దీ ఆ బరువులు తగ్గించుకుంటూ పోతారు. సత్తయ్య ఇరవై ఏళ్లుగా రోజూ చేస్తున్న పని అదే. సాయంత్రానికల్లా చట్రం పైన గిరక బిగించి, ఉయ్యాల తాడును దాని మీదుగా అవతలికి వేసి, పాత సాంచ బరువులు ఆరు తగిలించాడు. అవి దిగితే కుక్క పైకి లేస్తుంది. ఒక్కొక్కటీ తీసేస్తుంటే దాని బరువు దాని కాళ్ల మీదే పడుతుంది. కాళ్లు జారకుండా కింద గోనె పరిచాడు. పెద్ద ఆసుపత్రుల్లో మనుషులకు ఇలాంటి యంత్రంతోనే నడక నేర్పుతారు. నేను దాన్ని పుస్తకంలోనే చూశాను.

రెండు రోజులకో బరువు తీశారు. రెండోది తీసినప్పుడు టైగర్ కుయ్యోమంది, భూలక్ష్మి మళ్లీ తగిలించబోయింది. “ముట్టకు!” అని సత్తయ్య గదిమాడు. నాలుగోది తీసేనాటికి పాదాలు తిరగబడకుండా నేలకు ఆనుతున్నాయి. తొడ టేపు మీద కొంచెం పెరిగింది. నాకు ధైర్యం తిరిగొచ్చింది.

బతుకమ్మకు మూడు రోజుల ముందు ఆఖరి బరువు నా ఎదుటే తీశాడు. ఉయ్యాల వదులైంది. టైగర్ నడుము కిందికి జారింది, మళ్లీ లేచింది. కాళ్లు వణుకుతున్నాయి. పక్కకు ఒరుగుతూ, తాగినవాడిలా అడుగు తప్పుతూ, నాలుగడుగులు వేసి భూలక్ష్మి ఒళ్లో మూతి పెట్టింది. ఆమె దాన్ని పట్టుకుని “ఎంత సతాయించినవ్ రా” అంటూ వలవలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎడ్ల డాక్టర్నైనా ఆపుకోలేకపోయాను.

ఆ కేసు తర్వాత ఇంటివాళ్లకు ఎలా పట్టుకోవాలో ఒక్కటే చెప్పి ఊరుకోవడం మానేశాను. ఏ రోజున ఎంత వదిలేయాలో కూడా కాగితం మీద రాసిస్తాను. పట్టుకోవడం ఎవరికైనా వస్తుంది, ప్రేమ ఉన్నవాళ్లకు వదలడమే చేతకాదు.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, అది సత్తయ్య వల్ల. టైగర్ నడిచిన రోజు నన్ను మోపెడ్ మీద క్లినిక్ దగ్గర దింపి, లోపలికి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

“మేడం, నేను మొదటి దినం సూది అడిగిన గదా. అది మీ కాయిదంల రాసిండ్రా?”

కేస్ షీట్ తీసి చూశాను. రాశాను.

“జర కొట్టెయ్యుండ్రి,” అన్నాడు.

పెన్ను తీసి కొట్టేశాను. మొదటి రోజు మనిషి ఏమడిగినా అప్పటి నుంచి నేను పెన్సిల్‌తోనే రాసుకుంటున్నాను.