మొదటి పొట్లం

పక్కింట్లో కొత్తగా చేరినవాళ్లు కుట్టుమిషను పెట్టారు. పలమనేరులో జల్లు పట్టుకున్న రోజున తలుపులు మూసుకుని కూర్చుంటే ఆ చప్పుడు గోడలోంచి వస్తుంది. కాసేపు కుట్టు, కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే నాకు ఇదివరకు ఆ ఇంట్లో ఉన్న కాసింబక్క గుర్తొస్తుంది. చీరకు ఫాల్ కుడుతూ ఏదైనా చెప్పాలనిపిస్తే ఆమె మిషను ఆపేది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, చెప్పాల్సింది చెప్పి, మళ్లీ తొక్కేది. తొక్కుతూ మాట్లాడటం ఆమెకు నచ్చదు.

నేను నగరిలో మగ్గాల ఇంట పుట్టి, ముప్పై ఏళ్ల వయసులో పలమనేరుకు రెండో భార్యగా వచ్చాను. మా ఆయన మొదటి భార్య రేవతి జ్వరంతో పోయి అప్పటికి రెండేళ్లు. వాళ్ల పాప సౌమ్యకు ఎనిమిదేళ్లు. చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు. ఆ ఇంట్లో రేవతి ఎన్నడూ కూర మాడ్చలేదు, ఎవరినీ కసరలేదు. ఆమె స్నేహితురాలు విజయ ప్రతి ఆదివారం వచ్చి, "మీ అమ్మ ఇట్లే ఏసేది" అంటూ సౌమ్యకు జడలు వేసేది. ఒక ఆదివారం నేను గడపలోనే నిలబడి, "పాపకు జడేసేదానికి నేనుండాను. ఇంక నువ్వు రావాల్సిన పన్లేదు" అన్నాను. విజయ పాప వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి సౌమ్య నాతో మాట్లాడటం మానేసింది. పెట్టింది తినేది, అడిగినదానికి తల ఊపేది. నెల గడిచింది. ఆ పిల్ల నాకు ఎప్పటికీ దక్కదేమోనని భయం పట్టుకుంది. అయినా విజయను మళ్లీ పిలవడానికి మాత్రం మనసు ఒప్పలేదు.

ఆ యేడు బక్రీదునాడు కాసింబక్క పెద్ద గిన్నె అడిగితే ఇవ్వడానికి వెళ్లాను. కుర్బానీ మాంసాన్ని మూడు వంతులు చేయబోతోంది. ఇంటికొకటి, బంధువులకొకటి, లేనివాళ్లకొకటి. ఆ పంపకం మొదలుపెట్టకముందే తన ఇంటి వంతులోకి లెక్కేసి మంచి ముక్కలు ఏరి, విస్తరాకులో పొట్లం కట్టి పక్కన పెట్టింది. ఎవరికని అడిగాను.

"ఫాతిమాబీకి. జైబున్ స్నేహితురాలు."

జైబున్ ఎవరంటే, వాళ్లాయన మొదటి భార్య. కాసింబక్క కూడా నాలాగే రెండో భార్య అని ఆ పూటే తెలిసింది.

"ఎప్పుడో పోయినామె స్నేహితురాలికి నువ్వెందుకు పంపాలక్కా?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినపడింది.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "మొదటి భార్య ఖదీజమ్మ పోయినాక గూడా ప్రవక్త ఆమెను మర్చిపోలా. గొర్రెను కోస్తే ఆమె స్నేహితురాండ్లకు పంపేవారంట. తర్వాత వచ్చిన ఆయిషమ్మకు దాంతో రోషమొచ్చేది. ఖదీజమ్మను ఆమె చూసింది గూడా లేదు. అయినా తక్కిన భార్యలందరి మీద కంటే ఆ చూడని మనిషి మీదే ఎక్కువ రోషమని ఆమే చెప్పుకునింది."

"అంత పెద్దామె చెప్పుకునిందా?"

"అంత పెద్దామె గాబట్టే చెప్పుకునింది. మనమైతే దాచిపెట్టుకుంటాం." నా వైపు జరిగి, "నా సంగతి ఇను" అంది. "పెండ్లయిన మొదటేడు ఈ పొట్లం కట్టమంటే ఎముకలూ కొవ్వూ కట్టినాను. పైన రెండు మంచి ముక్కలు పెట్టినాను, కనపడకుండా. మా ఆయన పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పి చూసినాడు. మా వంతులోనుంచి మంచి కండ తీసి, మళ్లా కట్టుకుని పోయినాడు. ఆ పండగకు మేము ఎముకలే తిన్నాం. తిట్టింటే బాగుండు అనిపించింది."

"ఇప్పుడు పోయిందా ఆ మంట?"

"యాడికి పోతాది? ఉండాది. దాని పాటికి అది ఉంటాది, నా పని నేను చేస్తా."

నాకు ఏడుపొచ్చింది. ఎన్నో వందల ఏళ్ల కిందట, ఎక్కడో ఎడారి ఊళ్లో, అందరూ అమ్మ అని పిలుచుకునే ఒకామెకు నా బాధే కలిగిందంటే ఒంటరితనం కాస్త తగ్గింది. సిగ్గు మాత్రం ఎక్కువైంది. గడపలో నిలబడి విజయను పంపేసినప్పుడు నేను కట్టిన పొట్లంలో ఏముందో అప్పుడు అర్థమైంది.

ఆ ఆదివారం సౌమ్యను వెంటబెట్టుకుని విజయ ఇంటికి వెళ్లాను. తప్పయిందన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "రేవతి జడ ఎట్లా ఏసేదో నాకు నేర్పియ్యి" అన్నాను. విజయ లోపలికెళ్లి దువ్వెన తెచ్చింది. పాయలు ఎలా తీయాలో చూపించింది. నేను కాస్త గట్టిగా లాగినట్టున్నాను, సౌమ్య "నొప్పి" అంది. అన్నాళ్ల తర్వాత ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట అదే.

కాసింబక్క పోయి మూడేళ్లయింది. ఆ రోజు ఆమెకు చివరి స్నానం చేయించడానికి ఆడవాళ్లు కూడినప్పుడు నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. ఫాతిమాబీ కర్ర ఊతంతో వచ్చింది. వయసులో అందరికంటే పెద్దది. ఆమెను కూర్చోమన్నారు. "ముందు నీళ్లు నేను పోస్తా. ఇన్నేండ్లు నాకు పొట్లం కట్టిన చెయ్యి ఇది" అని లోపలికి పోయింది.

మా ఇంట్లో ఉగాదికి పూర్ణం పెట్టి ఓలిగలు చేస్తే మొదట విజయకే తీసిపెడతాను. రేవతి మీద ఆ మంట నాకింకా ఉంది, దాచుకోను. డబ్బాలో సర్దేటప్పుడు ప్రతి యేడూ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఇంకో ఓలిగ ఎక్కువ పెట్టి మూత వేస్తాను.