సముద్రంలో సోఫా

మా నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. అలాంటి మనిషిని అండమాన్‌లో ఒక రిసార్టు వాళ్లు రాతి సోఫా చెయ్యమని అడిగారు. ఇంట్లోకి కాదు, సముద్రం అడుగుకు. సిలిండర్లు తగిలించుకుని దిగే టూరిస్టులు దాని మీద కూర్చుని ఫోటోలు తీయించుకుంటారట.

"నీళ్లల్లో సోఫా ఏందప్పా? చాపలేమన్నా కాళ్లు నొప్పులంటాండాయా?" అని నాయన ఫోన్లోనే అడిగాడు.

అయినా చేశాడు. దిండ్లకు ముడతలు, అంచులకు కుట్లు కూడా చెక్కాడు. మా అమ్మ వేలితో నొక్కి చూసింది.

సోఫా లారీలో చెన్నైకి, అక్కడినుంచి ఓడలో వెళ్లింది. నీళ్లలో దించిన కొన్ని నెలలకు, వచ్చి చూసిపొమ్మని నాయనను పిలిచారు. నేను నంద్యాలలో టీచరును. దసరా సెలవులు కావడంతో తోడు వెళ్లాను. పడవలోనే ఉంటానంటే నాయన ఒప్పుకోలేదు.

"నాకేమన్నా అయితే మీయమ్మకు ఎవురు జెప్తారు? నువ్వూ దిగు."

ఇద్దరికీ ఏమన్నా అయితే ఎవరు చెప్తారని నేను అడగలేదు.

మమ్మల్ని దింపే అమ్మాయిది శ్రీకాకుళం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబం. "ఈత రాకపోయినా పర్లేదు బాబాయ్ గారూ, వెనకాల నేను పట్టుకునే ఉంటాను. బొటనవేలు ఎత్తితే మాత్రం పైకి తీసుకెళ్లమని అర్థం" అంది. నాయన తలూపాడు.

లోపల పసుపు చారల చేపల గుంపొకటి, సంతకు ఆలస్యమైనట్టు మా మధ్యనుంచి దూసుకుపోయింది. కింద ఇసుకలో మా సోఫా. నవ్వొచ్చి నా నోట్లోకి ఉప్పునీళ్లు వచ్చాయి.

నాయన కూర్చున్నాడు. కూర్చోగానే తేలిపోయాడు. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ తేలాడు. ఎవరో పెద్దమనుషులు వస్తున్నట్టు లేస్తూనే ఉన్నాడు. చివరికి ఆ అమ్మాయి ఆయన నడుముకు ఇంకో రెండు సీసం దిమ్మెలు తగిలించింది. ఈసారి కుదిరింది. నాయన వెనక్కి ఆనుకుని, నావైపు చూసి, బాగుందన్నట్టు బొటనవేలు ఎత్తాడు.

అమ్మాయి వెంటనే ఆయనతోపాటు నన్నూ పైకి తీసుకుపోయింది.

"ఇప్పుడే గదమ్మా కూసుండేది! యాల లాక్కొస్తివి?"

"మీరే కదండీ వేలు చూపించారు!"

"బాగుందని జెప్తినమ్మా!"

రెండోసారి దిగేసరికి సోఫాలో ఒక నల్లచేప ఉంది. అరచేతిలో సగం కూడా లేదు. దిండు మీద పెరిగిన పాచి దాని మేత. నాయన కూర్చోబోతే మోకాలి మీద పొడిచింది. చెయ్యి విదిలిస్తే వేలు కొరికింది. ఆయన రెండు చేతులూ జోడించి వెనక్కి జరిగాడు.

అంత కష్టపడి చెక్కినదాని మీద కూర్చోనివ్వలేదే, బాధపడతాడేమో అనుకున్నాను. పడవెక్కాక చూస్తే ముఖం వెలిగిపోతోంది.

"సూస్తివా పాపా? ఇన్నేండ్లు దేవుళ్లను చేసినా. బాగుందో లేదో ఒక్కరూ జెప్పల్యా. ఇది సూడు, నాదని ఎట్ల కొట్లాడ్తాందో!"

టూరిస్టులను కూడా అది వదల్లేదు. రిసార్టు వాళ్లు ఇంకో సోఫా చెయ్యమన్నారు. కూర్చున్నవాళ్లు తేలిపోకుండా పాదాలు దూర్చుకునే కడ్డీ ఒకటి కలిపి నాయన ఇప్పుడు దాన్ని చెక్కుతున్నాడు. కడప బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు వచ్చి ఎవరికని అడుగుతుంటారు.

"ఇది మనుషులకప్పా" అంటాడు నాయన, ఉలి ఆపకుండా. "చాపది ఆడ వేరే ఉండాది."