కొంగున ఊగిన పోగు

హిందూపురంలో ఎక్కిన బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఊరు దాటకముందే ఎడమ చేత్తో తన కుడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. ముందు సీటులోని ఆమె పట్టుచీర కొంగు మా వైపు వేలాడుతోంది. దాని చివర ఒక పోగు లేచి ఊగుతోంది.

“ఏమబ్బా, నా చెయ్యి కాస్త పట్టుకుంటావా?” అన్నాడు.

నా నోటికి ఏనాడూ బ్రేకుల్లేవు. నాచేత బడి మాన్పించింది కూడా ఆ నోరే.

“పట్టుకుంటే పెండ్లి చేసుకోవాల పెద్దాయనా. మీ ఇంట్లో ఒప్పుకుంటారా?”

“ఇంట్లో ఎవురుండారబ్బా,” అన్నాడు.

ఆయన ధర్మవరంలో మగ్గం నేస్తాడు. చేతులు వణుకుతుంటే డాక్టరు మాత్రలిచ్చాడట.

“మెదడులో ఏదో రసం తక్కువైతే చెయ్యి వణుకుతాదంట, మాత్రతో అదే ఎక్కువైతే మనసు ఆగదంట. వణుకు పోయింది గానీ, లేచిన పోగు కనపడితే లాక్కుండా ఉండలేను. నా పెండ్లాం పదైదు దినాలు నేసిన చీరను మగ్గం మీదనే ఊడబీకినా. పుట్టింటికి పోయింది. ఈ పొద్దు డాక్టరు మాత్ర మార్చినాడు. వణుకొస్తే రానీ, ఆమె వస్తే చాలు. ముందరున్న యమ్మకు చెప్పొద్దబ్బా, పిచ్చోడనుకుంటాది.”

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. నేను దిగాల్సిన పెనుకొండ వచ్చింది. పోగు ఇంకా ఊగుతూనే ఉంది. నాలుక చివరికి వచ్చిన ఎగతాళి మాటను మింగేసి, కూర్చునే ఉన్నాను.

ధర్మవరంలో దిగాక, “నువ్వు యాడికి పోవాలబ్బా?” అన్నాడు.

“ఈడికే.”

ఆయన వెళ్లాక పెనుకొండ బస్సు కోసం నిలబడ్డాను. ఇంటి దగ్గర నా కోసం చూసేది తాళంకప్ప ఒక్కటే గనక తొందరపడలేదు.