పచ్చడి సీసాకు చుట్టిన షేర్ల పేజీ

ఎనభైల మొదట్లో నేను గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమాలో ఒక రాతి క్వారీ స్టోర్లో గుమాస్తాను. మా క్యాంపుకు తెలుగు పత్రికలు పచ్చడి సీసాల చుట్టూ వచ్చేవి. సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లు సీసాలు విప్పగానే ఆ నూనె కాగితాల కోసం ఎగబడేవాళ్లం.

నా గదిలో ఉండే జగిత్యాల క్రేన్ ఆపరేటరు, హైదరాబాదులోని బావ మాట విని ఒక సిమెంటు కంపెనీ షేర్లు కొన్నాడు. ఎప్పటికైనా ఊరెళ్లి ట్రాక్టర్ల రిపేరు షెడ్డు పెట్టాలని అతని ఆశ. ఆ షెడ్డంతా ఆ షేర్లలోనే ఉంది. ఒక శుక్రవారం గోంగూర సీసా విప్పి, కాగితం చూసి మంచం మీద కూలబడ్డాడు. పోయిన నెల ఇంకో సీసా కాగితంలో చూసిన ధర కంటే ఇది బాగా తక్కువ.

"ఖలాస్ అన్నా! నా షెడ్డు మునిగింది."

మెస్‌లో వంట చేసే నెల్లూరాయన ఆ సాయంత్రమే సెలవు మీద బయల్దేరుతున్నాడు. పంచాంగం ఆయనకు కంఠస్థం.

"నే చెప్పలా అబ్బయ్యా? శని మారినాడు. ఇంక సిమెంటు లేవదు. సంతకం పెట్టియ్యి, మీ బావకిచ్చి అమ్మించేయమంటా."

బావ ఎప్పుడో పంపిన షేర్ల బదిలీ పత్రం మీద అతను సంతకం చేసేశాడు. వంటాయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"శనికి సిమెంటు ఫ్యాక్టరీలో ఏం పనయ్యా? ఆయన అక్కడ ఫ్యాక్టరీ నడిపే ముదీరా, వీసాలిచ్చే కఫీలా?"

"దేవుణ్ణే నమ్మనోడివి, అల్మారా మీద నీ గీతల్ని మేం నమ్మాల్నా?" అన్నాడు వంటాయన.

"నమ్మొద్దు. చూడండి."

నా అల్మారా తలుపు మీద ఆ కంపెనీ గ్రాఫు ఉండేది. ఏటా ఒకే నెలలో వచ్చిన ధర తీసుకుని చుక్క పెట్టేవాణ్ణి. పక్కనే ఆ ఏటి డివిడెండు. కొత్త చుక్క ఎక్కడ పెట్టాలో చూద్దామని గోంగూర కాగితం తిప్పాను. మూలన నూనెలో తడిసిన తేదీ కనిపించింది. పోయిన నెల చూసిన కాగితం కంటే ఇదే పాతది! ఇంట్లోవాళ్లు పాత పేపర్ల కట్టలోంచి చేతికందింది చుడతారు మరి. ధర పడలేదు, పెరిగింది. చదవడమే మేం వెనక నుంచి ముందుకు చదివాం.

వంటాయన మాత్రం తగ్గలేదు. "అయితే రేపు పడదని రాసిస్తావా?"

"ఇవ్వను. ఇదిగో, ఈ రెండేళ్లూ పడింది. కానీ అప్పుడూ ఫ్యాక్టరీ నడిచింది, డివిడెండు ఇచ్చింది. తర్వాత లేచింది. రేపటి సంగతి నా గీతకూ తెలియదు, మీ శనికీ తెలియదు. తెలియదని నా గీత ఒప్పుకుంటుంది." క్రేన్ ఆపరేటరు వైపు తిరిగాను. "నీకు షెడ్డు ఎప్పుడు కావాలి తమ్ముడూ?"

"ఇంకో రెండు కాంట్రాక్టులు చెయ్యాలె గద అన్నా."

"మరి ఇవాళ అమ్మడానికి ఏం తొందర?"

బయట వంటాయన్ని తీసుకెళ్లే పికప్ హారన్ మోగింది. "యల్లా, యల్లా!" అని డ్రైవరు అరుస్తున్నాడు. క్రేన్ ఆపరేటరు గ్రాఫు దగ్గరకెళ్లి, పడిన ఏళ్ల మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి పైకి మెల్లగా జరుపుకుంటూ వచ్చాడు. చివరి చుక్క దగ్గర ఆగాడు. వెనక్కొచ్చి వంటాయన జేబులోంచి పత్రం లాక్కున్నాడు.

"స్వామీ, మల్లొచ్చేటప్పుడు ఆవకాయ తే. గని కొత్త పేపర్ల చుట్టి తే."